మర్నాటికి అందని ప్రసంగం

పెళ్ళి వీడియోల విషయంలో మన చిన్న పట్టణాలు ఎంత దూరం వెళ్ళాయో చూస్తే ముచ్చటేస్తుంది. 2020లో కరోనా రాకపోకలను ఆపేసిన దగ్గరనుంచి ఈ విద్య మరీ వేగంగా పెరిగింది. అనకాపల్లిలో ఒక కల్యాణమండపంలో జీలకర్రా బెల్లం పెడుతూంటే (బెల్లం మా ఊరిదేనని వేరే చెప్పాలా!) డల్లాసులో ఉన్న మేనత్త అదే క్షణాన తెర ముందు అక్షింతలు పట్టుకొని కూర్చుంటుంది. మూడు కెమెరాలు, వాటి మధ్య బొమ్మ మార్చే మిక్సరు, పురోహితుడి కండువాకు తగిలించిన చిన్న మైకు, ప్రత్యక్ష ప్రసారానికి ఒక ల్యాపుటాపు. ఈ సరంజామా అంతా ఊళ్ళోనే అద్దెకు దొరుకుతుంది. నడిపే కుర్రవాళ్ళు కూడా ఊళ్ళోవాళ్ళే.

అదే వారంలో, ఆ మండపానికి కూతవేటు దూరంలో, ఏ కళాశాలలోనో ఒక సాంకేతిక సదస్సు జరుగుతుంది. ఇరవై యేళ్ళు ఒకే విషయం మీద పనిచేసిన మనిషి వచ్చి గంటసేపు మాట్లాడతాడు. గదిలో నూట యాభై మంది ఉంటారు. వారిలో శ్రద్ధగా వినేవారు ఏ నలభై మందో. సాయంత్రానికి ఆ గంట గాలిలో కలిసిపోతుంది. పెళ్ళికి పట్టిన భాగ్యం ప్రసంగానికి ఎందుకు పట్టలేదన్నదే నా ప్రశ్న.

కెమెరా లేక కాదు. మన సదస్సులన్నిటిలోనూ కెమెరా ఉంటుంది. అది జ్యోతి ప్రజ్వలనను చిత్రిస్తుంది, శాలువాలను చిత్రిస్తుంది, జ్ఞాపికలను రెండు కోణాలనుంచి చిత్రిస్తుంది. ముఖ్య అతిథి వెళ్ళిపోగానే కెమెరామన్ కూడా భోజనానికి వెళ్ళిపోతాడు. అసలు ప్రసంగం మొదలయ్యేది ఆ తరువాతే. కొన్నేళ్ళ క్రితం ఒక రెండు రోజుల సదస్సుకు వెళ్ళాను. ఎక్కడో, ఎవరు పెట్టారో చెప్పను, ఎవరైనా ఒకటే. “వీడియోలు త్వరలో పెడతాం, నోట్సు రాసుకోనక్కరలేదు” అని వేదిక మీదనుంచే ప్రకటించారు. అయిదు నెలల తరువాత నాలుగు నిమిషాల చిత్రం ఒకటి వచ్చింది. డ్రోను మీదనుంచి భవనం, వయొలిన్ సంగీతం, చప్పట్లు కొడుతున్న విద్యార్థులు, నెమ్మదిగా తల ఊపుతున్న వక్త. ఆ వక్త నోటినుంచి ఒక్క వాక్యం కూడా అందులో లేదు. సంగీతం మాత్రం బాగుంది.

నేను కోరేది రెండు ముక్కల్లో చెప్పవచ్చు. సాంకేతిక సదస్సులో ప్రతి ప్రసంగాన్నీ మొదటినుంచి చివరిదాకా చిత్రించాలి. చిత్రించినదాన్ని మర్నాటికి, మహా అయితే వారంలోగా, అందరికీ అందుబాటులో పెట్టాలి. మొదటి ముక్కను కాదనేవారు ఎవరూ లేరు. రెండో ముక్క దగ్గరే “చూద్దాం, నిదానంగా, బాగా ఎడిట్ చేసి పెడదాం” అనే మాట వస్తుంది. ఆ ‘నిదానంగా’ అనే మాటతోనే నా పేచీ అంతా.

ఈ తొందర ఎందుకో చెప్పడానికి కంప్యూటర్ల దాకా పోనక్కరలేదు, మా ఊరి బెల్లమే చాలు. అనకాపల్లిలో చెరకు పరిశోధన 1913లో మొదలైంది. ఇవాళ దాన్ని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం అంటున్నాం. చెరకు రకాలు, తెగుళ్ళు, బెల్లం తయారీ మీద నూరేళ్ళకు పైబడిన పని అది. ఇలాంటి చోట శాస్త్రవేత్తలు ఒకరికొకరూ, రైతులకూ చెప్పే ప్రసంగాలు మన ప్రాంతంలో అసలైన సాంకేతిక ప్రసంగాలని నా ఉద్దేశం. సాఫ్ట్‌వేర్ వారికి మాత్రమే సదస్సులు ఉంటాయని ఎక్కడా రాసి లేదు కదా.

ఇప్పుడు ఒక విషయం తీసుకోండి. బెల్లం పసుపుపచ్చగా, బంగారు వన్నెలో కనబడితే మార్కెట్లో ధర బాగా వస్తుంది. ఆ వన్నె కోసం పాకంలో హైడ్రోస్ వేసే అలవాటు ఉంది. అది సోడియం హైడ్రోసల్ఫైటు. రంగును కాసేపు విరిచేస్తుంది. నిల్వ ఉన్నకొద్దీ బెల్లం మళ్ళీ నల్లబడుతుంది, గంధకపు అవశేషం మాత్రం తినేవాడికి మిగులుతుంది. దీనికి బదులు బెండ మొక్క కాండాన్నీ వేళ్ళనూ నలగ్గొట్టి తీసిన జిగురును కాగుతున్న రసంలో కలిపితే మడ్డి పైకి తేలి, తీసివేయడానికి వీలవుతుంది. ఇది శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి చెబుతున్న మాటే. కరపత్రంలో రెండు పంక్తులు. కాని పెనం ముందు నిలబడ్డవాడికి కావలసింది ఆ రెండు పంక్తులు కాదు. జిగురు ఎప్పుడు పొయ్యాలి? మడ్డి ఏ రంగులోకి వచ్చాక తియ్యాలి? పాకం 118, 120 డిగ్రీల సెల్సియస్ దగ్గరకు వచ్చేసరికి బుడగలు ఎలా మారతాయి? చల్లటి నీళ్ళలో వేసిన చుక్క ఎంత గట్టిగా ఉండకట్టాలి? వీటిని ఎవరైనా చేసి చూపిస్తూ చెబితే చూసి నేర్చుకోవలసిందే. ఆ చూపించే గంటను ఎవరైనా చిత్రించారనుకుందాం.

గానుగలు ఆడేది నవంబరునుంచి మార్చి, ఏప్రిల్ దాకా. అక్టోబరులో చెప్పిన ప్రసంగం అక్టోబరులోనే అందితే ఆ ఏటి పెనాల మీద దాన్ని పరీక్షించి చూడవచ్చు. “బాగా ఎడిట్ చేసి” మే నెలలో పెడితే అప్పటికి పొయ్యిలు చల్లారి ఉంటాయి. చూసినవాడు “బాగుంది” అనుకొంటాడు, మళ్ళీ నవంబరు వచ్చేసరికి మరిచిపోతాడు. ఆలస్యం వల్ల వీడియో నాణ్యత ఒక పాలు పెరిగిందే అనుకోండి, దాని ఉపయోగం తొమ్మిది పాళ్ళు పోయింది. సాంకేతిక విషయం ఏదైనా ఇంతే, దానికి ఒక ఋతువు ఉంటుంది. కొత్తగా విడుదలైన సాఫ్ట్‌వేర్ గురించిన ప్రసంగానికి ఏడాది తరువాత విలువ ఎంతో ఇది చదువుతున్న మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇంతకంటె కఠినమైన ఉదాహరణ కూడా మా జిల్లాలోనే ఉంది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఒక ఔషధ కర్మాగారంలో ద్రావణి ఆవిరి అంటుకొని పేలుడు జరిగింది. 17 మంది చనిపోయారు. రెండు రోజులైనా తిరగకముందే పరవాడలో మరో ప్రమాదం జరిగింది. ఇటువంటివి జరిగిన తరువాత భద్రత మీద సదస్సులు పెట్టడం ఆనవాయితీ. నిపుణులు వస్తారు, మంచి మాటలే చెబుతారు. కాని వినవలసినవాడు సి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకొని ఉంటాడు. ఎ షిఫ్టువాడు రియాక్టరు దగ్గర ఉంటాడు. సదస్సుకు వచ్చేది ఆఫీసులోంచి కదలగలిగినవారు మాత్రమే. ఒక్క ప్రసంగం ప్రమాదాన్ని ఆపుతుందని నేను అనడంలేదు. ఆవిరి లీకైనప్పుడు మొదటి నిమిషంలో ఏం చెయ్యాలో పాతికేళ్ళ అనుభవం ఉన్నవాడు చెప్పిన మాట షిఫ్టులో ఉన్నవాడి ఫోనులోకి ఆ రాత్రే రాకపోవడానికి కారణం ఏమిటని అడుగుతున్నాను. కారణం ఎడిటింగు అయితే, క్షమించాలి, అది కారణం కాదు. (ఒడిశా, బీహారు నుంచి వచ్చిన కార్మికులకు తెలుగు ప్రసంగం ఎలా పనికొస్తుందంటే, అదొక పెద్ద ప్రశ్న. రికార్డు ఉంటే అనువాదం గురించి ఆలోచించవచ్చు. లేనిదాన్ని ఎవరూ అనువదించలేరు.)

మన సంప్రదాయంలో చెప్పే మాటకు, రాసే చేతికి మధ్య దూరం ఇంత ఎక్కువ ఉండేది కాదు. అవధానాన్నే చూడండి. అవధాని ఆశువుగా పద్యం చెబుతూంటే పక్కన లేఖకుడు కూర్చొని రాసుకొనేవాడు. పృచ్ఛకుల పేర్లు మనకు గుర్తుంటాయి, లేఖకుడి పేరు ఎవరికీ గుర్తుండదు. కాని దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి ఊరూరా తిరిగి సభల్లో చెప్పిన పద్యాలు ‘శతావధానసారము’గా పుస్తకరూపంలో మనదాకా వచ్చాయంటే, సభలో చెప్పినదాన్ని సభలోనే కాగితం మీద పెట్టినవాళ్ళు ఉండబట్టే. లేఖకుడు “తరువాత తీరుబడిగా రాస్తాను” అని ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. మన సాంకేతిక సదస్సుల్లో అధ్యక్షుడు ఉన్నాడు, వ్యాఖ్యాత ఉన్నాడు, వందన సమర్పణ చేసేవాడు ఉన్నాడు. లేఖకుడి పీట మాత్రం ఖాళీగా ఉంది.

ఆ పీట నిండిన చోట ఏమవుతుందో కంప్యూటర్ల చరిత్రలోనే ఒక గొప్ప దృష్టాంతం ఉంది. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక సదస్సులో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ తొంభై నిమిషాల ప్రదర్శన ఇచ్చాడు. మౌసు, తెర మీద కిటికీలు, ఒక మాట నొక్కితే మరో పత్రానికి పోయే లంకె, దూరంగా ఉన్న ఇద్దరు ఒకే పత్రం మీద పనిచెయ్యడం, ఇవన్నీ ఆ సభ ఒకేచోట చూసింది. సభలో ఉన్నది ఇంచుమించు వెయ్యిమంది. ఆనాడు దాన్ని చిత్రించారు కాబట్టి, అప్పటికి పుట్టని మనం కూడా అతడి గొంతును, తడబాటును, మౌసును అతడు పట్టుకొన్న తీరును చూడగలుగుతున్నాం. వ్యాసం ఎంత బాగా రాసినా ఆ చేతి కదలికను చూపలేదు కదా.

అలాగే హాల్ ఆబెల్సన్, జెరాల్డ్ సస్‌మన్ 1986లో హ్యూలెట్ ప్యాకార్డ్ ఉద్యోగులకు చెప్పిన పాఠాలు. ఒక కంపెనీ తన మనుషులకోసం తీయించుకొన్న ఆ వీడియోలు తరువాత అందరికీ ఉచితంగా అందాయి. నాలుగు దశాబ్దాల తరువాత కూడా ప్రోగ్రామింగు నేర్చుకొనేవారు వాటిని వెదుక్కొని చూస్తున్నారు. గదిలో ఉన్నవారు ఎప్పుడో రిటైరయి ఉంటారు. ఆ ప్రసంగాలకు అసలైన శ్రోతలు ఆ గదిలో లేనివారేనని ఇప్పుడు తెలుస్తోంది.

వేగం విషయంలో నాకు నచ్చిన పద్ధతి బ్రస్సెల్స్‌లో ఏటా జరిగే ఫాస్‌డెమ్ సదస్సుది. రెండే రోజులు, ప్రవేశం ఉచితం, పదుల కొద్దీ గదులు, వందల కొద్దీ ప్రసంగాలు, నడిపేది స్వచ్ఛంద సేవకులు. ఇన్నిటిని కూర్చొని ఎడిట్ చెయ్యాలంటే ఏడాది చాలదు. అందుకని వారు ఎడిటింగును దాదాపుగా వదిలేశారు. ప్రతి గదిలోనూ కెమెరా బొమ్మను, వక్త ల్యాపుటాపు తెరను కలిపి రికార్డు చేసే పెట్టె ఒకటి ఉంటుంది. కార్యక్రమ పట్టికలో ఏ ప్రసంగం ఎన్ని గంటలకో ఎలాగూ రాసి ఉంది కాబట్టి, ఆ వేళల ప్రకారం యంత్రమే రోజంతటి రికార్డును ముక్కలు చేస్తుంది. బెల్జియం దేశస్థుడు, డెబియన్ డెవలపరు అయిన వౌటర్ వెర్‌హెల్స్ట్ రాసిన ఎస్‌రివ్యూ అనే ప్రోగ్రామును ఈ పనికి 2017నుంచి వాడుతున్నారు. ముక్క తయారు కాగానే సంబంధించినవారికి ఒక లంకె వెళుతుంది. వాళ్ళు చూడవలసింది మూడే సంగతులు: ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ముగియాలి, శబ్దం సరిగా ఉందా. సరే అనగానే ముందొక శీర్షిక, వెనకొక ముగింపు అతికించి యంత్రం దాన్ని పైకి పంపేస్తుంది. మనిషి పని ఒక్కో ప్రసంగానికి కొన్ని నిమిషాలు. వక్త చేతనే ఆ పని చేయించడం నాకు మరీ నచ్చింది. తన ప్రసంగం ఎక్కడ మొదలయిందో అతడికంటె ఎవరికి బాగా తెలుసు?

అమెరికాలో పైథాన్ సదస్సులను చిత్రించిన కార్ల్ కార్‌స్టెన్ బృందం ఇంకో అడుగు ముందుకు వేసి తన పేరునే ‘నెక్స్ట్ డే వీడియో’ అని పెట్టుకొంది. పేరులోనే గడువు. మన సదస్సుల ఆహ్వానపత్రికలో ‘మధ్యాహ్నం భోజనం కలదు’ అని అచ్చువేసినట్లు ‘మర్నాటికి వీడియో కలదు’ అని వేయగల రోజు కోసం చూస్తున్నాను.

ఇది దూరదేశపు ముచ్చట అనుకొనేవారికి కొచ్చి ఉంది. డెబియన్ ప్రపంచ సదస్సు డెబ్‌కాన్ఫ్ 2023 సెప్టెంబరు 10నుంచి 17దాకా అక్కడ జరిగింది, భారతదేశంలో అదే మొదటిసారి. అక్కడ కెమెరా పట్టుకొనేవారు, శబ్దం చూసేవారు, బొమ్మ మార్చేవారు అంతా సదస్సుకు వచ్చినవారే. గంటకు ఒకరు చొప్పున పేరిచ్చి కూర్చొంటారు. నేర్చుకోవడానికి ఓ పూట చాలు. ఆ బృందం కొన్నేళ్ళు వాడిన ఆప్సిస్ అనే వీడియో బోర్డును తయారుచేసింది బెంగళూరుకు చెందిన నుమాటో ల్యాబ్. అంటే పరికరం పక్క రాష్ట్రంలో తయారయింది, వాడకం మరో దక్షిణాది రాష్ట్రందాకా వచ్చింది. మనకు అడ్డమేమీ లేదు.

అంత హంగు కూడా అవసరం లేదు మనకు. సాంకేతిక ప్రసంగానికి ప్రాణం గొంతు, తరువాత స్లైడు, ఆ తరువాతే ముఖం. మనవాళ్ళు దీన్ని తలకిందులు చేస్తారు. ఖరీదయిన కెమెరా తెచ్చి హాలు చివర ముక్కాలిపీట మీద పెడతారు. దానికున్న మైకులో పంకా చప్పుడు, తలుపు చప్పుడు, వెనక వరుసవాళ్ళ కబుర్లు స్పష్టంగా పడతాయి, వక్త మాత్రం నూతిలోంచి మాట్లాడుతున్నట్లు ఉంటాడు. తెర తెల్లగా వెలిగిపోతూంటుంది, దాని మీద అక్షరం కనబడదు. దీనికంటె చొక్కాకు తగిలించే చిన్న మైకు ఒకటి, లేదా హాలు సౌండు మిక్సరునుంచి నేరుగా ఒక తీగ, వక్త ల్యాపుటాపులోంచే తెరను రికార్డు చెయ్యడం, ముఖం కోసం బల్ల మీద నిలబెట్టిన ఒక ఫోను. ఇంతే చాలు. శ్రోతలు అడిగిన ప్రశ్న రికార్డులో పడదు కాబట్టి వక్త దాన్ని ఒకసారి తిరిగి చెప్పి జవాబివ్వాలని ముందే మనవి చేసుకోవాలి. ఈ ఒక్క నియమం మరిచిపోవడం వల్ల చివరి పావుగంట పనికిరాకుండా పోయిన వీడియోలు ఎన్నో చూశాను. “అవును, కాని అన్నిసార్లూ కాదు” అని వక్త అంటాడు. దేనికి అవునో దేవుడికి తెలియాలి.

పరిమాణం గురించి కూడా భయపడనక్కరలేదు. స్లైడులు కదలవు కాబట్టి బాగా కుదించుకొంటాయి. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున వేసుకొన్నా 45 నిమిషాల ప్రసంగం 340 మెగాబైట్ల లోపే. వట్టి శబ్దం మాత్రం కావాలంటే 64 కిలోబిట్ల చొప్పున 22 మెగాబైట్లు కూడా కాదు. బస్సులో అనకాపల్లినుంచి విశాఖ వెళ్ళేవాడు దారిలో వినేసే వస్తువు అది. ఒకనాటి మోడెమ్ చప్పుడు విన్నవాళ్ళం, మనమా దీనికి జంకేది!

అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. వీడియో పెడితే సదస్సుకు ఎవరూ రారంటారు. ఫాస్‌డెమ్‌లో అన్నీ ప్రసారం చేసినా గది నిండిపోయిందన్న కాగితాలు తలుపులకు అంటిస్తూనే ఉంటారు. మనుషులు సదస్సుకు వచ్చేది ప్రసంగం కోసం మాత్రమే కాదు, టీ విరామంలో పక్కవాడితో మాట్లాడటానికి. ఇక ప్రచురణ కాని పరిశోధన ఫలితాలు బయట పడతాయన్నది న్యాయమైన భయమే. ఆ ప్రసంగాన్ని వదిలెయ్యండి, లేదా ఆ రెండు స్లైడులు వచ్చినప్పుడు రికార్డు ఆపండి. దానికోసం మిగతా పదిహేను ప్రసంగాలను బలి ఇవ్వడం ఎందుకు? అనుమతి ముందే కాగితం మీద తీసుకోవాలి, వద్దన్నవారిని బలవంతపెట్టకూడదు. మహిళలైన వక్తలు కొందరు వ్యాఖ్యలకు జంకి వద్దంటారు. వారి జంకు అకారణం కాదని వీడియోల కింద వ్యాఖ్యలు చదివేవారెవరికైనా తెలుసు. అటువంటప్పుడు వ్యాఖ్యలు మూసి పెట్టవచ్చు, ముఖం లేకుండా స్లైడులు, గొంతు మాత్రమే ఉంచవచ్చు.

ఒక్క అభ్యంతరం మాత్రం నాకు లోతుగా తగిలింది. “తప్పు మాట్లాడితే అది శాశ్వతంగా ఉండిపోతుంది” అని ఒక పెద్దాయన అన్నారు. నిజమే. అయితే ఆ తప్పును ఇప్పుడు నూట యాభై మంది విని నమ్మి ఇంటికి వెళ్ళారు, దిద్దేవాడు లేడు. వీడియో ఉంటే మర్నాడు ఎవరో ఒకరు దిద్దుతారు, వివరణలో ఒక పంక్తి చేర్చవచ్చు. వేగంగా పెట్టడంలో ఈ లాభం కూడా ఉంది: వక్తకు తానేం అన్నాడో ఇంకా గుర్తుంటుంది. ఆరు నెలల తరువాత అడిగితే “అలా అన్నానా?” అంటాడు.

నన్ను అన్నిటికంటె ఎక్కువగా వేధించేది భాష. మనమంతా తెలుగును తెర మీదకు తేవడానికి ఎంత తంటాలు పడ్డామో మీకు గుర్తుండే ఉంటుంది. లేఖినిలో అక్షరాలు టైపు చేసుకొంటూ, ఒక్కో ఆంగ్ల పదానికి తెలుగు మాట కోసం రాత్రుళ్ళు వాదించుకొన్నాం. టపా నిలిచింది, అంతర్జాలం నిలిచింది. మనం ముచ్చటపడి చేసిన మాటలు కొన్ని మన మధ్యనే పుట్టి మన మధ్యనే పోయాయి. ఆ వాదనల్లో నేను గ్రహించింది ఏమిటంటే, కూర్చొని తయారుచేసిన మాటకంటె, ఎదుటివాడికి అర్థం కావడంలేదని తెలిసిన క్షణంలో నోటికి వచ్చిన మాట గట్టిది. ఆ క్షణాలు దొరికేది ప్రసంగాల్లో, ముఖ్యంగా చివర ప్రశ్నల వేళ. ఒక సభలో ఒక కుర్రవాడు క్యాషె అంటే ఏమిటో అర్థం కాలేదన్నాడు. అప్పటిదాకా ఇంగ్లీషులో లాగించిన వక్త ఒక్క క్షణం ఆగి, “మీ అమ్మగారు ఆవాల కోసం ప్రతిసారీ అటక ఎక్కుతారా? పొయ్యి పక్కన పోపులపెట్టె ఉంటుంది కదా, అదీ” అన్నారు. హాలంతా ఒక్కసారి అర్థమైన చప్పుడు వినబడింది. పోపులపెట్టె నిండిపోతే ఏం తీసెయ్యాలి, అటక మీద డబ్బా మారితే పెట్టెలో పాతది ఉండిపోతే ఎలా అని మరో పది నిమిషాలు సాగింది ఆ ముచ్చట. నాకు తెలిసి ఏ తెలుగు పుస్తకంలోనూ ఆ పాఠం లేదు. రికార్డు కూడా లేదు. నా జ్ఞాపకంలో ఉన్న ఈ నాలుగు వాక్యాలే మిగిలాయి.

వ్యవసాయ ప్రసంగాల్లో ఈ సంపద మరీ ఎక్కువ. మొక్కతోట, కార్శి తోట, మూడు కళ్ళ ముచ్చెలు, పీకపురుగు, జడచుట్టు: చెరకు రైతు నోట సహజంగా పలికే ఈ మాటలను విని శాస్త్రవేత్త తన ఇంగ్లీషు పదాన్ని పక్కన పెట్టి వీటితోనే మాట్లాడటం నేను విన్నాను. రెండు విద్యలు ఒకే వాక్యంలో కలుసుకొనే చోటు అది. నిఘంటువులో ముచ్చె దొరకవచ్చు. కాని ముచ్చెను మందునీళ్ళలో ఎందుకు ముంచాలో ఆ రైతు అడిగిన తీరు, శాస్త్రవేత్త బదులిచ్చిన తీరు నిఘంటువు ఇవ్వలేదు. పైగా ఇవాళ యంత్రాలకు తెలుగు వినడం నేర్పుతున్నారు. వార్తల తెలుగు, సినిమాల తెలుగు కావలసినంత దొరుకుతోంది. పాకం గురించి, పురుగు గురించి, రియాక్టరు గురించి మనుషులు నిజంగా మాట్లాడుకొనే తెలుగు దొరకడంలేదు. అది రోజూ ఏదో ఒక హాలులో పుడుతూనే ఉంది, అక్కడే పోతూనే ఉంది.

పెట్టిన చోటు గురించి కూడా ఒక మాట. ఉచితంగా దొరికిన చోటల్లా శాశ్వతం కాదని మన తరానికి అనుభవమే. జియోసిటీస్ 2009లో మూసేశారు, గూగుల్ వీడియో 2012లో పోయింది. యూట్యూబులో పెట్టడం చూసేవారి సౌకర్యం కోసం. మరో ప్రతిని ఇంటర్నెట్ ఆర్కైవులో ఉంచాలి, మూల దస్త్రం ఒకటి నిర్వాహకుల దగ్గర ఉండాలి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో విడుదల చేస్తే ఎవరైనా దింపుకొని దాచుకోవచ్చు, తెలుగు ఉపశీర్షికలు చేర్చవచ్చు. శీర్షికను మాత్రం దయచేసి తెలుగు లిపిలో, వక్త పేరు, తేదీ, ఊరు పేరుతో సహా రాయండి. ‘డే 2 సెషన్ 3 ఫైనల్ కొత్తది’ అనే పేరుతో ఉన్న వీడియోను వెదికి పట్టుకోవడం ఎవరి తరం కాదు.

గానుగల కాలం మొదలయ్యేలోపు మా చుట్టుపక్కల ఒకటి రెండు రైతు సదస్సులు జరుగుతాయి, కళాశాలల్లో సాంకేతికోత్సవాలు ఎలాగూ ఉంటాయి. అనకాపల్లి, చోడవరం, యలమంచిలి, విశాఖ పరిసరాల్లో మీలో ఎవరైనా సభ పెడుతూంటే రెండు రోజుల ముందు కబురు చెయ్యండి. చొక్కాకు తగిలించే మైకులు రెండు, ఫోను నిలబెట్టే పీట ఒకటి నా దగ్గర ఉన్నాయి. పెళ్ళి వీడియోలు తీసే కుర్రవాడొకడు ఆదివారాలు ముహూర్తాలు లేనప్పుడు వస్తానన్నాడు. శాలువాల కార్యక్రమం మాత్రం తియ్యనని ముందే చెప్పమన్నాడు.